మగవారితో ఎన్నడూ ఆడలేదట!

నెట్‌ఫ్లిక్స్‌లో 2020లో వచ్చిన చదరంగం సిరీస్ 'ది క్వీన్స్ గ్యాంబిట్' చివరి భాగంలో, 1968 నాటి మాస్కో టోర్నీ జరుగుతుండగా వ్యాఖ్యాత ఓ మాట అనేస్తాడు. నోనా గాప్రిందాష్విలీ మహిళల ప్రపంచ చాంపియనే గానీ, మగవారితో ఎన్నడూ ఆడలేదని. కథానాయికను ఆకాశానికెత్తడానికి రాసిన వాక్యమది. కథానాయిక కల్పితం. నోనా మాత్రం నిజం మనిషి. 2021 సెప్టెంబరులో, 80 ఏళ్ల వయసులో, ఆమె అమెరికా కోర్టులో 50 లక్షల డాలర్లకు పరువునష్టం దావా వేశారు. 1968 నాటికే తాను కనీసం 59 మంది పురుషులతో ఆడానని, వారిలో 28 మందితో ఏకకాలంలో తలపడ్డానని, పదిమందైనా గ్రాండ్‌మాస్టర్లు (చదరంగంలో అత్యున్నత హోదా పొందినవారు) ఉన్నారని అందులో పేర్కొన్నారు. సిరీస్‌కు మూలమైన 1983 నాటి నవలలో ఆమె రష్యన్ గ్రాండ్‌మాస్టర్లతో ఎన్నోసార్లు ఆడిన క్రీడాకారిణి! తెర మీదికి వచ్చేసరికి అది తలకిందులైంది. పైగా, అప్పటి సోవియట్ యూనియన్‌లోని జార్జియాకు చెందిన మహిళను రష్యన్ అన్నారు.

నోనా 1941లో జార్జియాలోని జుగ్దీదీలో పుట్టారు. ఐదుగురు అన్నదమ్ముల మధ్య ఒక్కతే ఆడపిల్ల. ఎదుట కూర్చున్నది మగపిల్లాడైతే బెరుకు పడే అవకాశమే ఆ ఇంట్లో లేదు. 1962లో అప్పటి చాంపియన్ ఎలిజవెతా బైకోవాను 9-2తో చిత్తుచేసి ప్రపంచ కిరీటం అందుకున్నప్పుడు ఆమె వయసు 21. ఒక్క ఆటా ఓడలేదు. ఆ కిరీటం పదహారేళ్లు ఆమె దగ్గరే ఉంది.

అయితే ఆమెను చరిత్రలో నిలిపింది 1977లో కాలిఫోర్నియాలోని లోన్ పైన్ టోర్నీయే అంటాను. గ్రాండ్‌మాస్టర్లు కూడా బరిలో ఉన్న పోటీ అది. తొమ్మిది రౌండ్లలో ఆరున్నర పాయింట్లతో పాన్నో, బలషోవ్, సహోవిచ్‌లతో కలిసి అగ్రస్థానం పంచుకున్నారు. మహిళలకు వేరే గ్రాండ్‌మాస్టర్ హోదాను అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే అంతకు ముందు ఏడాదే ప్రవేశపెట్టింది. నోనాకు 1978లో దక్కింది అది కాదు, మగవారూ అందుకునే అసలు టైటిల్. అలా అందుకున్న మొదటి మహిళ ఆమె. సాంకేతికంగా నిబంధనలన్నీ పూర్తికాకపోయినా లోన్ పైన్ ఆట చూసి ఫిడే ఇచ్చేసింది. దీన్ని పట్టుకుని సణిగేవారు ఇప్పటికీ ఉన్నారు. అదే ఏడాది 17 ఏళ్ల మాయా చిబుర్దానిద్జే ఆమె నుంచి ప్రపంచ కిరీటం గెలుచుకుంది. ఆ అమ్మాయిదీ జార్జియాయే.

నార్మ్‌లు (టోర్నీల్లో చూపాల్సిన గ్రాండ్‌మాస్టర్ స్థాయి ప్రదర్శనలు), రేటింగ్ లెక్కలన్నీ పూర్తిచేసి ఈ టైటిల్ అందుకున్న తొలి మహిళ సుసాన్ పోల్గార్, 1991లో. 2002లో మన కోనేరు హంపి పదిహేనేళ్లకే సాధించి, అతి చిన్న వయసులో గ్రాండ్‌మాస్టర్ అయిన మహిళగా జుడిత్ పోల్గార్ పేరిట ఉన్న రికార్డును చెరిపేసింది.

దావాను కొట్టేయాలన్న నెట్‌ఫ్లిక్స్ వాదనను 2022 జనవరిలో న్యాయమూర్తి తోసిపుచ్చారు. కల్పిత కథ అయినంత మాత్రాన పరువునష్టం బాధ్యత తప్పదన్నారు. సెప్టెంబరులో ఇరుపక్షాలూ రాజీపడ్డాయి, షరతులు బయటపెట్టలేదు.

2025 జులైలో మహిళల ప్రపంచ కప్ జార్జియాలోని బతూమిలో జరిగింది. ఫైనల్లో హంపిని ఓడించిన దివ్యా దేశ్‌ముఖ్, ఒక్క నార్మ్ కూడా లేకుండానే ఆ గెలుపుతో నేరుగా గ్రాండ్‌మాస్టర్ అయింది. ఈసారి సణగడానికి వీల్లేదు, నిబంధనలే అలా ఉన్నాయి.