ఒక్క రాత్రిలో ఏడు తరాలు

రాత్రి పడుకునే ముందు మా ఇంట్లో ఆఖరి పని పాలు తోడు పెట్టడం. కాచి దించిన గిన్నెలో చిటికెన వేలు ముంచి చూస్తాం. చురుక్కుమంటే ఇంకాసేపు ఆగాలి. గోరువెచ్చగా తగిలితే చెంచాడు పెరుగు వేసి, కలిపి, మూత పెట్టేస్తాం. పొద్దున లేచేసరికి గిన్నె వంచినా జారని గడ్డపెరుగు.

బళ్ళో చదువుకునేటప్పుడు జీవశాస్త్రం పుస్తకంలో మొదటి పాఠం 'జీవుల లక్షణాలు'. కణ నిర్మాణం, పోషణ, శ్వాసక్రియ, పెరుగుదల, ప్రత్యుత్పత్తి అంటూ ఒక పట్టిక ఉండేది. వల్లె వేశాను, పరీక్షలో రాశాను, మర్చిపోయాను. ఆ పట్టిక మొత్తం రోజూ రాత్రి మా వంటగట్టు మీద, మూత కింద, జరుగుతూనే ఉందని అప్పుడు ఒక్కరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఇన్నేళ్ళు గుర్తుండేది.

ముందు ఒక చిన్న లెక్క. చెంచాడు పెరుగును వంద చెంచాల పాలలో కలిపామనుకోండి. పెరుగులో ఉన్న బాక్టీరియా ఒక్క దెబ్బకు వందో వంతుకు పలచబడిపోయాయి. తెల్లారేసరికి కొత్త పెరుగు కూడా నిన్నటి పెరుగంత చిక్కగా వాటితో నిండిందంటే, రాత్రికి రాత్రి అవి వంద రెట్లయ్యాయన్నమాట. ఈ బాక్టీరియా పెరిగే పద్ధతి ఒక్కటే, మధ్యకు చీలి రెండవడం. రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్ఫై రెండు, అరవై నాలుగు, నూట ఇరవై ఎనిమిది. ఏడోసారికి వంద దాటేశాం. పెళ్ళి సంబంధాలప్పుడు అటు ఏడు తరాలూ ఇటు ఏడు తరాలూ చూడాలంటారు మన పెద్దవాళ్ళు. పాలగిన్నెలో ఆ ఏడు తరాలూ మనం నిద్రలేచేలోపే గడిచిపోతాయి.

పాలు గడ్డకట్టడమే కావాలంటే ఇంత తతంగం అక్కర్లేదు కదా, నిమ్మకాయ పిండితే చాలు కదా అని అడగొచ్చు. నిజమే. పాలలో కేసీన్ అనే ప్రోటీను కంటికి కనబడనంత చిన్న ఉండలుగా తేలుతూ ఉంటుంది. ఆ ఉండలన్నిటి మీదా ఒకే రకం విద్యుదావేశం (రుణావేశం) ఉండటం వల్ల ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి. అందుకే పాలు పాలలా ఉంటాయి. పులుపు తగిలితే ఆ ఆవేశం పోతుంది. పులుపును కొలిచే పీహెచ్ (అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 దగ్గరికి వచ్చేసరికి ఉండలన్నీ ఒకదానికొకటి అతుక్కుంటాయి. వేడి పాలలో నిమ్మరసం పడితే ఇదంతా క్షణాల్లో అయిపోయి, ముద్ద ముద్దగా, నీళ్ళు నీళ్ళుగా విడిపోతుంది. బాక్టీరియా అదే పులుపును గంటల తరబడి కొంచెం కొంచెంగా చేస్తాయి కాబట్టి కేసీన్ తీరిగ్గా వలలా అల్లుకుని, నీళ్ళను తనలోనే పట్టి ఉంచుకుంటుంది. విరిగిన పాలకూ పెరుగుకూ తేడా అక్కడ వస్తుంది.

అసలు తేడా మర్నాడు తెలుస్తుంది. నిమ్మరసంతో విరిగిన పాలలోంచి చెంచాడు తీసి కొత్త పాలలో కలపండి. నిమ్మరసం వందో వంతైపోయింది. దానిలోంచి మళ్ళీ చెంచాడు తీసి మరో గిన్నెలో కలిపితే పదివేలో వంతు. ఆ గిన్నెలో నిమ్మకాయ జాడే ఉండదు, దాని వల్ల పాలకు వచ్చే మార్పూ ఉండదు. పెరుగు సంగతి వేరు. మొదటి గిన్నె ఎలా తోడుకుందో వెయ్యో గిన్నె కూడా అలాగే తోడుకుంటుంది. పలచబడ్డకొద్దీ మళ్ళీ తనను తాను నింపుకుంటుంది. జీవానికి నిర్వచనం చెప్పమంటే శాస్త్రవేత్తలు ఇప్పటికీ వాదులాడుకుంటారు. నన్నడిగితే మాత్రం ఈ రెండు గిన్నెలూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను.

సరిగ్గా ఈ పరీక్షనే 1857లో ఫ్రాన్సులోని లీల్ నగరంలో లూయీ పాశ్చర్ చేశాడు. పులియడం అంటే కుళ్ళే పదార్థం తన చుట్టూ ఉన్న చక్కెరను కూడా విరగ్గొట్టడమేనని, అది ఉత్త రసాయన చర్యేనని, అందులో జీవానికి పనిలేదని అప్పట్లో జర్మనీ రసాయనశాస్త్ర దిగ్గజం లీబిగ్ వాదన. పాశ్చర్ పులిసిన ద్రవంలో అడుగున పేరుకున్న బూడిదరంగు పదార్థాన్ని రవ్వంత తీసి కొత్త చక్కెర ద్రవంలో వేశాడు. అది అక్కడ పెరిగింది, ద్రవం పులిసింది. మన భాషలో చెప్పాలంటే ఆయన తోడు పెట్టి చూశాడు. అంతకు రెండేళ్ళ ముందే, 1855లో, జర్మనీలో రుడాల్ఫ్ విర్కో ప్రతి కణమూ మరో కణం నుంచే పుడుతుందని రాశాడు. తర్వాత పాశ్చర్ హంసమెడలా వంచిన గాజుకూజాల్లో పోషక ద్రవం మరిగించి, గాలి తగులుతున్నా దుమ్ము లోపలికి రాకపోతే అందులో ఏమీ పుట్టదని చూపించాడు.

అయితే జీవం నుంచే జీవం పుడుతుందన్న ఈ మాటకు మనవాళ్ళ దగ్గర ఎదురు సాక్ష్యం లాంటిది ఒకటుంది. తోడుకు పెరుగు దొరకనప్పుడు తొడిమ తీయని మిరపకాయలు నాలుగు గోరువెచ్చని పాలలో వేసి మూత పెడతారు. ఓపిగ్గా వదిలేస్తే తోడుకుంటుంది. మొదటిసారి కాస్త జిగటగా, పలచగా వస్తుంది. దానితో మళ్ళీ తోడు పెడితే బాగుంటుంది. అమెరికాలో ఉండే మనవాళ్ళు చాలామంది మొదటి గిన్నె ఇలాగే మొదలుపెట్టి, ఓవెన్లో లైటు వేసి ఉంచి తోడు పెడతారు. మరి పెరుగు లేకుండా పెరుగెలా పుట్టింది? ఆ తొడిమల మీద పులుపు చేసే బాక్టీరియా ముందే కాపురం ఉంటున్నాయి. మొక్కల ఆకుల మీదా కాయల మీదా ఆ కుటుంబం ఎప్పటినుంచో ఉంది. మనకు కనబడనంత మాత్రాన గొలుసు తెగలేదు. ఆ మాటకొస్తే బాక్టీరియాను మొట్టమొదట చూసింది కూడా ఘాటు వెనకపడి వెళ్ళిన మనిషే. 1676లో హాలండ్‌లో బట్టల వ్యాపారి లేవన్‌హుక్, మిరియాలకు ఆ ఘాటు ఎక్కణ్ణించి వస్తోందో చూద్దామని వాటిని నీళ్ళలో నానబెట్టి, తను అరగదీసిన భూతద్దం కింద పెట్టాడు. ఘాటు కనబడలేదు గానీ కదులుతున్న బాక్టీరియా కనబడ్డాయి.

వేలి పరీక్షకు వద్దాం. పెరుగులోని ఒక్కో బాక్టీరియా వెడల్పు మిల్లీమీటరులో ఇంచుమించు వెయ్యో వంతు. చుట్టూ ఒక పొర, లోపల నీళ్ళు, ప్రోటీన్లు, డీఎన్ఏ. పనులన్నీ చేసేది ప్రోటీన్లే. అవి పనిచేసేది తమ ఆకారం వల్ల, తాళంచెవి పళ్ళలాగా. కాగుతున్న పాలలో తోడు వేస్తే ఆ ఆకారం చెదిరిపోతుంది. కోడిగుడ్డులో తెల్లసొన ఉడికితే ఏమవుతుందో అదే. చల్లారినా మళ్ళీ పాత రూపానికి రాదు, పాలు పాలగానే ఉండిపోతాయి. పాలు మరీ చల్లగా ఉంటే బాక్టీరియా చావవు కానీ పని మందగిస్తుంది, అందుకే ఫ్రిజ్‌లో పెరుగు నాలుగు రోజులైనా అంతగా పులవదు. మన ఒంట్లోని ప్రోటీన్లకూ ఇదే ఇబ్బంది ఉంది. తేడా ఏమిటంటే మనకు ఎండాకాలం చెమట, చలికాలం వణుకు, రెండూ కలిసి ఒంటిని 37 డిగ్రీల దగ్గర పట్టి ఉంచుతాయి. పెరుగుకు ఆ ఏర్పాటు లేదు. సంక్రాంతి చలిలో గిన్నెకు తువ్వాలు చుట్టి బియ్యం డబ్బాలో పెడితే ఆ పని దాని బదులు మనం చేస్తున్నట్టు.

అవి అంతగా పెరగడానికి శక్తెక్కడిది? పాలలో నూటికి నాలుగున్నర, అయిదు పాళ్ళు లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. బాక్టీరియా దాన్ని రెండుగా విరగ్గొట్టి, అందులోని గ్లూకోజును మెట్టు మెట్టుగా లాక్టిక్ ఆమ్లం దాకా దించుతాయి. ఒక్కో గ్లూకోజుకు దక్కేది రెండే రెండు ఏటీపీలు. ఏటీపీ అంటే కణంలో చెల్లే చిల్లర డబ్బు. ఏ పని జరగాలన్నా అదే ఇచ్చుకోవాలి. ప్రపంచంలో బాక్టీరియా నుంచి ఏనుగు దాకా అందరికీ ఈ ఒక్క చిల్లరే. దీన్ని కండరాల్లో కనిపెట్టి 1929లో ప్రకటించిన ఇద్దరిలో ఒకరు భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి చేసిన పని అది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా కనిపెట్టాడు. సుబ్బారావు గారి పేరు చెప్పగానే మందుల సంగతే ఎక్కువ తలుచుకుంటాం గానీ, నాకైతే ఏటీపీయే ముందు గుర్తొస్తుంది.

చక్కెరను ప్రాణవాయువుతో పూర్తిగా కాలిస్తే ఒక్కో గ్లూకోజుకు ముప్ఫై దాకా ఏటీపీలు వస్తాయి, మన కణాల్లో ఎక్కువభాగం చేసేది అదే. పెరుగు బాక్టీరియాకు ఆ పరికరాలు లేవు. కానీ చుట్టూ ఉన్నది పాలసముద్రం, చక్కెరకు కొదవ లేదు. రెండేసి చొప్పున గబగబా సంపాదించుకుంటుంది. మనం లొట్టలేసే ఆ పులుపు దానికి చెత్త, బయటికి పారబోసేది. పైగా ఆ చెత్త పడని బాక్టీరియా గిన్నెలోకి రాలేవు. చివరికి పులుపు మరీ ముదిరితే దానికే పడదు, ఎదుగుదల ఆగిపోతుంది. ఇంకో విచిత్రం. గ్లూకోజును దించే ఆ మొదటి పది మెట్లూ మన ఒంట్లోనూ అవే. మన ఎర్ర రక్తకణాలైతే బతికిన నాలుగు నెలలూ కేవలం దీని మీదే బతుకుతాయి, లాక్టిక్ ఆమ్లమే పారబోస్తాయి. పెరుగన్నం తింటున్నవాడి నెత్తురులోనూ కంచంలోనూ ఒకే వంటకం ఉడుకుతోందన్నమాట. ఇంత పొందిక అనుకోకుండా కుదిరేది కాదు, మనకూ దానికీ ఎక్కడో ఒకే ముత్తాత ఉన్నాడు.

ఏడు తరాల దగ్గరికి మళ్ళీ వస్తాను. రోజుకు ఏడంటే ఏడాదికి 2,555 తరాలు. మనుషుల్లో తరానికి పాతికేళ్ళు వేసుకుంటే దాదాపు 64 వేల ఏళ్ళు. ప్రతి చీలికకూ సుమారు 18 లక్షల అక్షరాల డీఎన్ఏను తిరగరాయాలి. తప్పులు అరుదే, కానీ గిన్నెలో ఉన్నవి కోట్లానుకోట్లు, ఎక్కడో ఒకచోట రోజూ దొర్లుతాయి. ఎక్కువ తప్పులు దండగ, కొన్ని చేటు, ఏ ఒక్కటో లాభం. లాభం ఉన్నది తక్కినవాటికంటే ఒక్క నిమిషం ముందు చీలినా చాలు. రేపటి చెంచాలో దాని సంతానం కాస్త ఎక్కువ పడుతుంది. పరిణామం అంటే ఇదే.

ఈ తోడు వ్యవహారాన్ని ఒకాయన ప్రయోగశాలలో పెట్టాడు. అమెరికాలో రిచర్డ్ లెన్‌స్కీ 1988 ఫిబ్రవరి 24న, మన పేగుల్లో కాపురముండే ఈ.కోలై అనే బాక్టీరియాను 12 కూజాల్లో పోశాడు. రోజూ ఒక్కో కూజాలోంచి నూరో వంతు తీసి కొత్త ద్రవంలో వేయడం, అంతే పని. వందో వంతు కాబట్టి రోజుకు ఆరున్నర తరాల పైచిలుకు. ఆ తోడు ఆయన తర్వాత మరొకరి చేతికి మారింది, 75 వేల తరాలు దాటింది. ప్రతి 500 తరాలకూ కొంత తీసి గడ్డకట్టించి దాచారు. ఆ ద్రవంలో మొదటినుంచీ సిట్రేట్ ఉంది, అంటే నిమ్మపులుపే. గాలి తగిలేచోట ఈ.కోలై దాన్ని తినలేదు. 31 వేల తరాలు దాటాక ఒక కూజా హఠాత్తుగా తక్కినవాటికంటే మబ్బుగా కనబడింది. అందులోని బాక్టీరియా సిట్రేట్ తినడం మొదలుపెట్టాయి. పన్నెండింటిలో అది ఒక్క కూజాలోనే జరిగింది. గడ్డకట్టించిన పూర్వీకుల్ని బయటికి తీసి మళ్ళీ నడిపించి చూస్తే, 20 వేల తరాల తర్వాతివాటిలో మాత్రమే ఆ గుణం తిరిగి పుట్టింది. అంతకుముందువాటిలో పుట్టలేదు. అంటే ముందు ఎప్పుడో, ఎవరికీ కనబడకుండా, దారి వేసిన మార్పు ఒకటి జరగాలి. ఆ తర్వాతే అసలు మార్పు.

పెరుగు బాక్టీరియాలోనూ అలాంటి చరిత్ర రాసి ఉంది. వాటిలో ఒకటైన స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్‌కు గొంతునొప్పి తెచ్చే బాక్టీరియా చుట్టం. పాలలో కాపురం పెట్టాక రోగం తెచ్చే జన్యువులతో పనిలేక చాలా పోయాయి, ఉన్న జన్యువుల్లో పదోవంతు దాకా చెడిపోయి పడున్నాయి. దీనికి శత్రువులూ ఉన్నారు, బాక్టీరియాను తినే ఫేజ్ వైరస్‌లు. పాల కర్మాగారాల్లో ఇవి పడితే తోడు మొత్తం చస్తుంది. 2007లో పాల కర్మాగారాలకు తోడు తయారుచేసి అమ్మే ఒక కంపెనీ పరిశోధకులు చూసిందేమిటంటే, దాడి నుంచి బతికి బయటపడిన బాక్టీరియా ఆ వైరస్ డీఎన్ఏ ముక్కను తన డీఎన్ఏలో దాచుకుంటోంది, మరోసారి అదే వైరస్ వస్తే గుర్తుపట్టి అడ్డుకుంటోంది. ఆ వైరస్ డీఎన్ఏను ముక్కలు చేస్తుందని తర్వాత తేలింది. క్రిస్పర్ అనే ఈ ఏర్పాటునే తర్వాత జన్యువుల్ని కత్తిరించే పనిముట్టుగా మలిచారు. అలా మలిచిన ఇద్దరు మహిళలకు 2020లో నోబెల్ వచ్చింది.

మన గిన్నెకూ లెన్‌స్కీ కూజాకూ ఒక తేడా ఉంది. ఆయన ద్రవంలోకి బయటివాళ్ళకు ప్రవేశం లేదు. మన గిన్నెలోకి గాలి, గరిటె, వేలు, పక్కింటి పెరుగు అన్నీ వస్తాయి. ఉన్నది ఒక్క జాతీ కాదు. ఇంటింటి పెరుగు రుచి వేరుగా ఉండటానికి అదో కారణం. ఇంకో తేడా కూడా ఉంది. ఆయన దగ్గర 1988 నాటి పూర్వీకులు ఇంకా గడ్డకట్టి, పిలిస్తే లేచేలా ఉన్నారు. మనం పూర్వీకులందరినీ ఆవకాయ నంజుకుంటూ తినేశాం. మిగిలింది గిన్నె అడుగున ఒక చెంచాడు. నిన్న రాత్రి అదీ మర్చిపోయి గిన్నె కడిగేశాను. పొద్దున్నే పక్కింటి తలుపు కొట్టి, "పిన్నిగారూ, కాస్త తోడుంటే ఇస్తారా?" అన్నాను.