ఉపాధి కూలికీ కనీస వేతనానికీ లంకె తెగింది 2009లో

2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ చట్టాన్ని పక్కనపెట్టి, గ్రామీణ ఉపాధికి దాని స్థానంలో వీబీ-జీ రామ్ జీ చట్టం తెచ్చింది. అప్పటి నుంచి పార్టీల మాటలన్నీ రోజుల లెక్క చుట్టే. ఏడాదికి వంద పనిదినాల్ని 125 చేశామని బీజేపీ చెబుతోంది. ఖర్చులో 40 శాతం రాష్ట్రం నెత్తిన పెట్టి పథకాన్ని నీరుగారుస్తున్నారని కాంగ్రెస్, వామపక్షాలు అంటున్నాయి. నార్పల మండలం బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న ఈ పథకం మొదలైన సంగతి అనంతపురంలో అందరికీ తెలిసిందే. కూలీ చేతికి వచ్చే డబ్బు సంగతి తేలాలంటే మాత్రం 2009 జనవరి 1 దగ్గర ఆగాలి.

2005 నాటి ఉపాధి హామీ చట్టం ఆరో సెక్షన్ ప్రకారం, కేంద్రం సొంతంగా రేటు ప్రకటించేదాకా వ్యవసాయ కూలీలకు రాష్ట్రం నిర్ణయించిన కనీస వేతనమే ఇవ్వాలి. ప్రకటించాక కనీస వేతనాల చట్టంతో పనిలేదు. 2009 జనవరి 1న కేంద్రం ఆ ప్రకటన చేసేసింది. అప్పుడు ఢిల్లీలోనూ, హైదరాబాదులోనూ కాంగ్రెస్‌దే అధికారం. రాష్ట్రాలు వేతనం పెంచుకుంటూ పోతే బిల్లు మేం కట్టాలా అన్నది కేంద్రం వాదన.

ఈ వాదనకు జవాబు అంతకు చాలా ముందే ఉంది. రాజస్థాన్ కరువు పనుల కూలీల విషయంలో, సంజిత్ రాయ్ కేసులో, కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చి పని చేయించుకోవడం వెట్టిచాకిరీయేనని సుప్రీంకోర్టు 1983లోనే చెప్పింది. కరువు సాయం పేరుతో ప్రభుత్వం ఆ బాధ్యత నుంచి తప్పించుకోలేదనీ చెప్పింది. కరువు పని తప్ప వేరే దిక్కులేని రోజులు చూసిన ఈ జిల్లాకు ఆ తీర్పు విలువ బాగా తెలియాలి. 2009 జులైలో మన హైకోర్టు కూడా కూలీల పక్షానే నిలబడింది. 2010 చివర్లో సోనియాగాంధీయే కనీస వేతనం ఇవ్వాలని ప్రధానికి లేఖ రాశారు. మన్మోహన్ సింగ్ ఒప్పుకున్నది కూలి రేటును ధరల సూచీకి ముడిపెట్టడం వరకే. అంటే తక్కువగా మొదలైన రేటు ధరలతోపాటు కదులుతుందే తప్ప కనీస వేతనాన్ని అందుకోవాలన్న నియమం లేదు. కనీస వేతనం కన్నా తక్కువ ఇవ్వడాన్ని 2011లో కర్ణాటక హైకోర్టు తప్పుపట్టినా, ఆ తీర్పుపై స్టేకు సుప్రీంకోర్టు నిరాకరించినా చట్టం మారలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2011లో 121 రూపాయలున్న రోజు కూలి రేటు 2025-26లో 307. అదైనా రోజుకి నిర్ణయించిన పని కొలత పూర్తిగా చూపితేనే. మే నెల ఎండలో బిగిసిపోయిన ఎర్రనేలలో కందకం తవ్వేవాళ్లకు కొలత తగ్గితే కూలీ తగ్గుతుంది.

2014 తర్వాత ప్రభుత్వం మారింది, ఈ ఏర్పాటు మారలేదు. కనీస వేతనాల చట్టం స్థానంలో తెచ్చిన 2019 వేతనాల కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. ఉపాధి హామీ చట్టాన్ని ఆ కోడ్ తాకదని అందులోనే రాసుకున్నారు. కొత్త చట్టంలోనూ రేటు నిర్ణయించేది కేంద్రమే. ఇవాళ కూలీల తరఫున గొంతెత్తుతున్న కాంగ్రెస్ తన 2009 నిర్ణయానికి జవాబు చెప్పాలి. దాన్ని సరిదిద్దే అవకాశం వచ్చినా వదిలేసిన బీజేపీ కూడా చెప్పాలి.

విత్తు, కోత వేళల్లో 60 రోజులు ఉపాధి పనులు ఆపాలన్న కొత్త చట్టం నిబంధన ఇంకొకటి. వేరుశనగ పనులకు మనుషులు దొరకడం లేదని రైతులు చాలాకాలంగా అంటున్నారు, వాళ్ల ఇబ్బందీ నిజమే. కానీ ఉపాధి పని ఉందన్న ధీమాతోనే కూలీలు పొలంలో నాలుగు రూపాయలు ఎక్కువ అడగగలుగుతున్నారు. పని గిరాకీ ఉన్న ఆ రెండు నెలల్లోనే ఆ ధీమా లేకుండా పోతుంది. ఆ రోజులు ఏవో ముందుగా ప్రకటించాల్సింది రాష్ట్ర ప్రభుత్వం.