కనుడోస్ నవల చదివేముందు: పన్ను నోటీసుల నుంచి యుద్ధం దాకా

మా ఒడిశా జైపూర్‌లో తెలుగు చదివేవాళ్లం కొంతమంది ఉన్నాం, ఒకరి పుస్తకాలు ఒకరం తీసుకుని చదువుకుంటాం. ఈమధ్య మా చేతులు మారుతున్నది బ్రెజిల్‌లో జరిగిన కనుడోస్ తిరుగుబాటు మీద రాసిన ఒక పెద్ద నవల. చదివినవాళ్లలో చాలామంది "మతం పిచ్చి పట్టిన జనం, పాపం" అనేసి పుస్తకం తిరిగిచ్చేస్తున్నారు, నాకైతే ఆ మాట బాధగా ఉంది, అందుకే దాని వెనకున్న చరిత్ర ఇక్కడ రాస్తున్నా.

బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయింది 1888 మే 13న. విడుదలైనవాళ్లకి సెంటు భూమి కూడా ఇవ్వలేదు. ఏడాదిన్నర తిరిగేసరికి 1889 నవంబర్ 15న సైన్యం చక్రవర్తి రెండో పెడ్రోని దించేసి రిపబ్లిక్ అని ప్రకటించింది, ఆయన్ని కుటుంబంతో సహా ఓడెక్కించి యూరప్ పంపేశారు. రాజధాని రియోలో చదువుకున్నవాళ్లు సంబరపడ్డారు. ఈశాన్యంలో సెర్తావ్ అనే ఎండు ప్రాంతం ఉంది, పశువులు కాసుకుని బతికే జనం, 1877-79 కరువులో కళ్లముందే ఊళ్లకి ఊళ్లు ఖాళీ అవ్వడం చూసినవాళ్లు. వాళ్లదాకా కొత్త ప్రభుత్వం ఎలా వచ్చిందంటే, ఇకమీద చర్చి వేరు ప్రభుత్వం వేరు, పాదిరీ చేసిన పెళ్లి చట్టం ముందు చెల్లదు రిజిస్టరులో రాయించుకోవాలి, శ్మశానాలు మునిసిపాలిటీవి, సంతలో సరుకు దించితే పన్ను. వీటిలో కొన్ని ఇవ్వాళ మనకి మంచి చట్టాల్లాగే కనపడతాయి, కానీ బడి లేదు డాక్టర్ లేడు నీళ్లు లేవు, ముందు వచ్చింది మాత్రం పన్ను నోటీసు.

కనుడోస్ జనాన్ని నడిపించిన అంతోనియో కొన్సెలేరో 1830లో సియెరా రాష్ట్రంలో పుట్టాడు. ఏళ్ల తరబడి ఊరూరా తిరుగుతూ, పాడుబడ్డ చర్చిలు, శ్మశానం గోడలు జనంచేత బాగుచేయిస్తూ, బోధ చేస్తూ పోయేవాడు. ఆయన దృష్టిలో రిపబ్లిక్ అంటే క్రీస్తు విరోధి పాలన, ఇది ఆయన మనస్ఫూర్తిగా నమ్మిందే, పన్ను ఎగ్గొట్టడానికి వేసిన వేషం అస్సలు కాదు. 1893లో పక్కనున్న బహియా రాష్ట్రంలో పన్ను నోటీసులు తగలబెట్టించాడు, పట్టుకోడానికొచ్చిన పోలీసుల్ని మసెతే దగ్గర ఆయన మనుషులు తరిమేశారు, ఆ తర్వాత వాజా-బారిస్ నది ఒడ్డున కనుడోస్‌లో దిగిపోయి ఆ ఊరికి బెలో మోంతె అని కొత్త పేరు పెట్టుకున్నారు. విడుదలైన బానిసలు, భూమి లేనివాళ్లు, ఆదివాసులు, మాజీ బందిపోట్లు, పిల్లాపాపలతో ముసలివాళ్లు, అంతా అక్కడికే చేరారు. చుట్టుపక్కల భూస్వాములకి పనిమనుషులు దొరకడం మానేశారు, అసలు గొడవ ముదిరింది కూడా అక్కడే అని నేననుకుంటాను.

మా వైపు ఇలాంటివి జరగలేదా అంటే జరిగాయి. మేం కొరాపుట్ ఘాట్ దిగి సాలూరు వెళ్లే దారిలోనే పాచిపెంట ఉంటుంది కదా, ఆ సాలూరు తాలూకాలో కొర్రవానివలసలో 1900లో కొర్ర మల్లయ్య అనే కొండదొర తెగవాడు తాను పంచపాండవుల్లో ఒకడినని, ఇంగ్లీషువాళ్లని వెళ్లగొట్టి తానే ఏలతానని చెప్తే, నాలుగైదు వేలమంది చేరారు. వెదురు బొంగులు తుపాకులైపోతాయని, సర్కారు తుపాకులు నీళ్లైపోతాయని నమ్మారు. ఇద్దరు కానిస్టేబుళ్లని కొట్టి చంపారు. మే 7 తెల్లారుజామున విశాఖపట్నం, పార్వతీపురం, జైపూర్ నుంచి తెప్పించిన రిజర్వు పోలీసులు దాడి చేసి కాల్చితే పదకొండుమంది పోయారు, మల్లయ్య జైల్లో చనిపోయాడు. సర్కారు రికార్డులో వాళ్లని మతోన్మాదులని రాసి ఊరుకున్నారు. దానికి ఇరవై ఏళ్ల ముందు మల్కనగిరి దాకా పాకిన రంప ఫితూరీ, అంటే రంప కొండల తిరుగుబాటు, కల్లు మీద పన్ను దగ్గరే రాజుకుంది, ఈ రెండూ తెలిసిన మనం కనుడోస్ వాళ్లని ఒక్క మాటతో కొట్టిపారేయకూడదు.

కనుడోస్ యుద్ధానికి సాకు కలప. కొత్త చర్చికోసం డబ్బు కట్టిన కలప జువజేరో అనే పట్నం నుంచి రాలేదు, వీళ్లు దండెత్తి తెచ్చుకుంటారని పుకారు లేచింది, 1896 నవంబర్‌లో వందమంది సైనికుల్ని పంపారు, ఉవావు అనే ఊళ్లో దెబ్బతిని వెనక్కి పోయారు. రెండోసారీ అంతే. మూడోసారి 1897 మార్చిలో దాదాపు 1,300 మందితో వచ్చిన కల్నల్ మొరేరా సెజార్ స్వయంగా చనిపోయాడు, అప్పుడు రియోలో భయం పట్టుకుంది, ఇదంతా రాజరికాన్ని తిరిగి తేవాలని చేస్తున్న కుట్ర అని ప్రచారం చేసి రాజు పక్షం పత్రికల ఆఫీసులు ధ్వంసం చేశారు. నాలుగోసారి వేలమంది, ఫిరంగులు, నెలల తరబడి ముట్టడి. కొన్సెలేరో సెప్టెంబర్ 22న చనిపోయాడు, ఊరు అక్టోబర్ 5న పడిపోయింది, లొంగిపోయినవాళ్లలో చాలామంది గొంతులు కోశారు. ఆయన శవాన్ని తవ్వి తీసి, తల నరికి, పిచ్చి ఎక్కడుందో చూడమని బహియా రాజధాని సాల్వడార్ పంపితే, అక్కడ పరీక్షించిన డాక్టర్ నీనా రోడ్రిగ్స్‌కి పుర్రెలో ఏ తేడా కనపడలేదు.

రిపబ్లిక్ మీద పూర్తి నమ్మకంతో వార్తలు పంపడానికి వెళ్లిన యూక్లిడెస్ ద కున్యా, 1902లో వేసిన పుస్తకంలో మాత్రం ఆ దండయాత్రని నేరం అనే రాశాడు.