రక్షణ పోయిందని భయపడుతున్నవారికి: కొన్ని అపోహలు, వాస్తవాలు

మేడారం జాతర అయిపోయిన రెండు మూడు వారాలకు ఎవరో ఒకరు మా ఇంటి గుమ్మంలో నిలబడి ఏడుస్తారు. కిందటి జాతర తర్వాత ములుగు వైపు నుంచి ఒక కోడలు వచ్చింది. ఆరేళ్ల కింద నా చేతుల మీదుగానే బాప్తిస్మం తీసుకున్న బిడ్డ. అత్తగారి మొక్కు ఉందని ఇంటిల్లిపాదీ బండెక్కితే కాదనలేక తనూ పోయింది. జంపన్న వాగులో మునిగింది, గద్దెల దగ్గర బంగారం, అంటే మొక్కు బెల్లం, పట్టుకొని నిలబడింది. ఇంటికొచ్చాక ఒక ప్రార్థన కూడికలో ఎవరో పెద్దమనిషి అన్నాడట: "నీ పేరు జీవగ్రంథంల కొట్టేసిండ్రు. మల్ల బాప్తిస్మం తీసుకుంటెనే ఎక్కుతది." జీవగ్రంథమంటే రక్షణ పొందినవాళ్ల పేర్లుండే దేవుని పుస్తకం. రక్షణంటే పాపం నుంచి విడిపించి దేవుడిచ్చే నిత్యజీవం.

"నిజమేనా అయ్యగారూ? మల్ల మునగాల్నా?" అని అడిగింది. అప్పటికి వారం రోజులుగా సరిగ్గా అన్నం తినలేదు.

హనుమకొండలో ఇరవై రెండేళ్లుగా సంఘాన్ని కాస్తున్నాను. ఈ ఒక్క ప్రశ్న విన్నన్నిసార్లు ఇంకే ప్రశ్నా వినలేదు. అందుకే ముందు దీని సంగతే చెప్తాను.

అపోహ: పాపంలో పడితే రక్షణ పోతుంది, మళ్లీ బాప్తిస్మం తీసుకుంటే తిరిగొస్తుంది.

ఇది చెప్పేవాళ్లు ఎప్పుడూ బైబిల్లో హెబ్రీ పత్రిక 6వ అధ్యాయమే తెరుస్తారు. తెరిస్తే తెరిచారు, 4 నుంచి 6 వరకు పూర్తిగా చదవమనండి. తప్పిపోయినవారిని మారుమనస్సు పొందేలా మళ్లీ నూతనపరచడం అసాధ్యమని ఉంది అక్కడ. ఈ మాటను "రక్షణ పోవడం" అనే అర్థంలోనే తీసుకుంటే, పోయినది ఇక రాదని కూడా ఒప్పుకోవాలి కదా! అదే వచనం చూపించి రక్షణ పోయిందని భయపెట్టి, అదే నోటితో రెండో బాప్తిస్మానికి రమ్మనడం ఏం న్యాయం? ఇంకో మూడు వచనాలు దాటితే, 9లో ఆ పత్రిక రాసినాయన "ప్రియులారా" అని పిలిచి, మీరు రక్షణకరమైన స్థితిలోనే ఉన్నారని నమ్ముతున్నానంటాడు. అక్కడిదాకా ఎవరూ చదవరు.

రక్షణను పోగొట్టుకోవచ్చని నమ్మే సంఘాలు కూడా దానికి రెండో బాప్తిస్మం మందని చెప్పవు. ఫాతిమానగర్‌లో కేథలిక్ సోదరులు చావైన పాపం చేస్తే కృపాస్థితి పోతుందని బోధిస్తారు. కానీ పోయినవాణ్ణి పాపసంకీర్తనకు, అంటే గురువు దగ్గర పాపం ఒప్పుకోవడానికి, పంపుతారు, మళ్లీ నీళ్లు పోయరు. లూథరన్లూ అంతే, మెథడిస్టులూ అంతే. ఎఫెసీ 4:5 అందరి బైబిల్లోనూ ఒకటే: "ప్రభువు ఒక్కడే, విశ్వాస మొక్కటే, బాప్తిస్మ మొక్కటే."

మరి పాపంలో పడ్డవాడికి ఏమవుతుంది? ఏమీ కాదని నేననను. 1618-19లో నెదర్లాండ్స్‌లోని డార్ట్ పట్టణంలో జరిగిన ప్రొటెస్టెంట్ సంఘాల సభ ఇదే చిక్కును కూర్చొని విప్పింది. వాళ్లు రాసుకున్న ఐదో భాగంలో దావీదు రాజు పాపంలో పడిపోయిన సంగతి, యేసు శిష్యుడు పేతురు పడిపోయిన సంగతి దాచలేదు. ఇలాంటి పాపాల వల్ల విశ్వాసి దేవుణ్ణి నొప్పిస్తాడు, పరిశుద్ధాత్మను దుఃఖపెడతాడు, తన మనస్సాక్షిని గాయపరచుకుంటాడు, కొన్నాళ్లు దేవుని దయ తన మీద ఉందన్న సంగతే అతనికి తెలియకుండా పోతుందని రాశారు. దయ తెలియకుండా పోవడం వేరు, దయే పోవడం వేరు. పట్టుకున్నది మన చెయ్యి కాదు. యోహాను 10:28లో "ఎవడును వాటిని నా చేతిలోనుండి అపహరింపడు" అన్నది గొర్రెల కాపరి యేసు. గొర్రె బలమెంతో అక్కడ అడగలేదు.

నాకు ఈ తేడా పుస్తకాల్లో చదవకముందే ఇంట్లో తెలిసింది. మా నాన్న ఆజం జాహీ మిల్లు కార్మికుడు. మిల్లు మూతపడ్డాక చేతిలో పని లేక గుడుంబాకు అలవాటుపడ్డాడు. అప్పటి మా సంఘపెద్ద ఒకాయన అందరి ముందే "తాగినోనికి రక్షణ ఉండదు" అన్నాడు. ఆ రోజు నుంచి తొమ్మిదేళ్లు నాన్న గుడి లోపల అడుగుపెట్టలేదు. ప్రతి ఆదివారం అమ్మనూ మమ్మల్నీ గేటు దాకా దింపి, ఆరాధన అయ్యేవరకు ఎదురుగా వేపచెట్టు కింద కూర్చునేవాడు. లోపల పాట మొదలైతే బయట ఆయన పెదవులు కదిలేవి. రక్షణ పోయినవాడు ఆ చెట్టు కింద ఎందుకు కూర్చుంటాడని ఆ తొమ్మిదేళ్లలో ఒక్కరికీ తట్టలేదు.

తర్వాత వచ్చిన పాస్టరుగారు ఒక ఆదివారం ప్రసంగం అయ్యాక నేరుగా చెట్టు కిందికి పోయి, నాన్న పక్కన నేల మీద కూర్చొని 51వ కీర్తన చదివారు. "నీ రక్షణానందము నాకు మరల పుట్టించుము." దావీదు అడిగింది రక్షణ కాదు నర్సన్నా, రక్షణానందం, అన్నారు. (ఆ పేరు మా నాన్నది కాదు, ఇక్కడికోసం మార్చాను.) నాన్న తాగుడు మానడానికి ఆ తర్వాత ఇంకా రెండేళ్లు పట్టింది. మధ్యలో రెండుసార్లు జారాడు. జారినప్పుడల్లా ఈసారి గుడికే వచ్చాడు.

ములుగు బిడ్డకు మొదటి కొరింథీ 10:14 చదివించాను. విగ్రహారాధనకు దూరంగా పారిపొమ్మని పౌలు గట్టిగానే చెప్పాడు. కానీ ఆ మాటకు ముందు వాళ్లను "నా ప్రియులారా" అని పిలిచాడు. చేసింది తప్పేనమ్మా, ఒప్పుకో, ఒప్పుకుంటే దేవుడు క్షమిస్తాడని 1 యోహాను 1:9లో ఉంది, మళ్లీ మునగాల్సిన పని లేదు అన్నాను. వచ్చే ఆదివారం రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభువు బల్ల దగ్గరికి రమ్మన్నాను. అత్తగారితో గొడవ పెట్టుకోవద్దనీ, వచ్చే జాతరకు ముందే ఇంట్లో నెమ్మదిగా మాట్లాడుకోమనీ చెప్పాను.

మిగతావి త్వరగా.

అపోహ: యేసు హెచ్చరించిన క్షమాపణ లేని పాపం, అంటే పరిశుద్ధాత్మను దూషించడం, తెలియక చేసేశాను. మార్కు 3:30 చూడండి. యేసుకు అపవిత్రాత్మ పట్టిందని శాస్త్రులు, అంటే ధర్మశాస్త్ర పండితులు, అన్నందుకే ఆ హెచ్చరిక. చేశానేమోనని వణికేవాళ్లు ఆ శాస్త్రుల వరుసలో లేరు.

అపోహ: ఒకసారి వచ్చిన రక్షణ పోదని క్రైస్తవులందరూ నమ్ముతారు. లేదు. మా బాప్తిస్టుల్లో ఎక్కువమంది, ప్రెస్బిటేరియన్లు నమ్ముతాం. మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ ఒప్పుకోలేదు. పెంతెకొస్తువారిలో చాలామంది ఒప్పుకోరు. వాళ్లూ ప్రభువును ప్రేమించేవాళ్లే, ఈ విషయంలో వాళ్లతో పోట్లాడను.

అపోహ: రక్షణ పోదు గనుక ఎలా బతికినా ఫర్వాలేదు. భయంతో వచ్చేవాళ్లు వందమంది ఉంటే ఈ మాటతో వచ్చేవాళ్లు ఒకరిద్దరే ఉంటారు, కానీ ఉంటారు. మా సంఘంలోనే ఒకాయన భార్యాపిల్లల్ని వదిలి కాజీపేటలో ఇంకో సంసారం పెట్టి, అడగబోతే నాకు యోహాను 10:28 అప్పజెప్పాడు. ఆ ముందు వచనం కూడా చదవమన్నాను: గొర్రెలు నా స్వరం వింటాయి, నన్ను వెంబడిస్తాయి అని ఉంటుంది. 1 యోహాను 2:19 కూడా చదివాను, "వారు మనలోనుండి బయలువెళ్లిరి గాని వారు మన సంబంధులు కారు." ఆయనకు రక్షణ ఉండి పోయిందని నేననలేదు. అసలు వచ్చిందా అని అడిగాను. కోపంతో లేచిపోయాడు, అప్పటినుంచి ఆరాధనకు రావడం లేదు. నెలకోసారి నేనే ఆయన ఇంటికి పోతున్నాను. చాయ్ ఇస్తాడు, మాట్లాడడు.