బోరు నీటిలోని వాయువులు భూకంపాన్ని ముందే చెప్పగలవా?

2024 డిసెంబరు 4 ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లా అడవుల కింద పుట్టిన భూకంపం తీవ్రత 5.3గా నమోదైంది. వరంగల్, ఖమ్మం మొదలుకొని హైదరాబాదు దాకా జనం ఆ ప్రకంపనలను గుర్తించారు. అంతకు మూడు నెలల ముందు, ఆగస్టు 31న, మేడారం పరిసర అడవిలో వేల చెట్లు ఒక్కసారిగా నేలకూలి ఉండడంతో ఈ రెండింటికీ ముడిపెట్టినవారు చాలామందే. చెట్లను కూల్చినది పెనుగాలి. దానికీ భూకంపానికీ సంబంధం ఉన్నట్టు ఆధారమేమీ లేదు. అయినా ఆ మాటల వెనుక ఉన్న ప్రశ్నను తీసిపారేయలేము. భూమి కదలబోయే ముందు ఏదైనా ఆనవాలు బయటపడుతుందా అన్న ఆ ప్రశ్నకు జవాబును భూగర్భ జలంలో కరిగి ఉన్న వాయువుల్లో వెతకడం దాదాపు అరవై ఏళ్లుగా సాగుతోంది.

ఆ వాయువుల్లో ముఖ్యమైనది రేడాన్. వరంగల్ చుట్టుపక్కల నేల కింద విస్తారంగా ఉన్న గ్రానైటు రాళ్లలో యురేనియం స్వల్పంగా ఉంటుంది. అది క్షీణించే క్రమంలో రేడియం, దాని నుంచి రేడాన్ పుడతాయి. రంగు, వాసన, రుచి లేని ఈ వాయువు చాలావరకు పుట్టిన రాతి రేణువులోనే చిక్కుకుపోతుంది. పగులు అంచున పుట్టినది మాత్రమే నీటిలోకి చేరుతుంది. రాయి మీద ఒత్తిడి పెరిగి సన్నని కొత్త బీటలు పడితే నీటికి తగిలే రాతి ఉపరితలం పెరుగుతుంది, దానితో పాటు నీటిలో రేడాన్ కూడా పెరగాలి. హీలియం, కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్‌లను గమనించడం వెనుక ఉన్న ఆలోచనా ఇంచుమించు ఇదే.

నీటిలో వాయువు ఎలా దాగి ఉంటుందో మన బోర్ల దగ్గరే చూడవచ్చు. మోటారు వేయగానే కొన్ని బోర్లలో నీరు పాలలా తెల్లగా వస్తుంది. గ్లాసులో పట్టి నిలబెడితే ఆ తెలుపు అడుగు నుంచి పైకి తేటపడుతూ నిమిషంలో మాయమవుతుంది. అది సున్నమూ కాదు, మట్టీ కాదు. లోతున ఒత్తిడిలో కరిగిన గాలి, ఒత్తిడి తగ్గగానే బుడగలుగా విడిపోవడమే. రేడాన్ కూడా ఇలాగే తప్పించుకుంటుంది కనుక, దాన్ని కొలిచేవారు సీసాలో ఒక్క గాలిబుడగ కూడా మిగలకుండా నీరు నింపి, వెంటనే బిగుతుగా మూత పెడతారు.

1966 ఏప్రిల్ 26న తాష్కెంట్‌ను కుదిపిన భూకంపానికి ముందు అక్కడి లోతైన ఖనిజజలపు బావుల్లో రేడాన్ పెరిగిందని సోవియట్ పరిశోధకులు ప్రకటించడంతో ఈ అన్వేషణ ఊపందుకుంది. అందరూ తరచుగా ఉదాహరించేది మాత్రం జపాన్‌లోని కోబే. 1995 జనవరి 17న ఆరు వేలకు పైగా ప్రాణాలు తీసిన ఆ భూకంపానికి ముందు, సమీపంలోని నిషినోమియాలో ఒక బావి నీటిలో రేడాన్ రెండు నెలల్లో నాలుగింతలైంది. జనవరి 8 నాటికి పదింతలు దాటి, ఆ తరువాత తగ్గుముఖం పట్టింది. అయితే ఆ బావిలో కొలతలు మొదలైనదే 1994 అక్టోబరు చివరలో. ప్రశాంతంగా గడిచిన సంవత్సరాల్లో అదే బావిలో రేడాన్ ఎంత హెచ్చుతగ్గులకు లోనయ్యేదో తెలియనప్పుడు, ఈ పెరుగుదల ఎంత అసాధారణమో చెప్పడం కష్టం. నా దృష్టిలో అంతకన్నా బలమైన ఆధారం దుకాణాల్లో అమ్మిన మంచినీటి సీసాల నుంచి వచ్చింది. భూకంప కేంద్రానికి దగ్గరి బావుల నీటితో నింపిన ఆ సీసాలను తేదీల వారీగా సేకరించి పరీక్షిస్తే, 1994 జులై వరకు నిలకడగా ఉన్న క్లోరైడు ఆగస్టు నుంచి పెరుగుతూ వచ్చినట్టు తేలింది. ఇది వాయువు కాదు, లవణం. కానీ మార్పు రాకముందటి స్థితి కూడా ఇక్కడ నమోదై ఉంది.

రేడాన్‌కు ఒక పరిమితి ఉంది. దాని అర్ధాయువు, అంటే ఉన్నది సగానికి తగ్గే కాలం, 3.8 రోజులే కాబట్టి నెల తిరిగేసరికి రెండు వందల వంతు కూడా మిగలదు. ములుగు భూకంపం లోతు 40 కిలోమీటర్లని ప్రకటించారు. అంత లోతున పుట్టిన రేడాన్ మన బోరు దాకా చేరే అవకాశమే లేదు. బావిలో కనిపించేది బావి పరిసరాల్లోని రాయి చెప్పే సంగతి మాత్రమే. ఆ రాయిని కదిలించేవి భూకంపపు ఒత్తిళ్లొక్కటే కావు. వర్షం, వాతావరణ పీడనం, అన్నిటికీ మించి పక్క పొలంలోని మోటారు, ఏ పగులు నుంచి నీరు వస్తుందో మార్చేస్తాయి. డిసెంబరు మొదటివారమంటే ఉత్తర తెలంగాణలో వానాకాలపు వరి కోతలు ముగిసి యాసంగికి నార్లు పోసే రోజులు, నిలిచి ఉన్న బోర్లు మళ్లీ నడిచే రోజులు. ఆ వారం ఏ రైతు బోరులో రేడాన్ మారినా కారణం భూమి అడుగునే ఉందని అనుకోవడానికి వీల్లేదు.

తొందరపడితే ఏమవుతుందో 2009లో ఇటలీ చూసింది. రేడాన్ కొలతల ఆధారంగా జాంపావ్లో జూలియాని అనే సాంకేతిక నిపుణుడు ప్రమాదం పొంచి ఉందని చెప్పిన ఊరు సుల్మోనా. ఏప్రిల్ 6న మూడు వందల మందికి పైగా మరణించినది అక్కడికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని లాక్విలా ప్రాంతంలో. ఆ తరువాత నియమితమైన అంతర్జాతీయ నిపుణుల సంఘం, రేడాన్‌తో సహా ఏ సూచననూ నమ్మదగిన హెచ్చరికగా పరిగణించలేమని తేల్చింది.

హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ మహారాష్ట్రలోని కోయినా దగ్గర బోరు బావులను గమనించడానికి మంచి కారణం ఉంది. అక్కడ చిన్న ప్రాంతంలోనే భూకంపాలు తరచుగా వస్తాయి. ఈసారి తప్పిన అంచనాను మరోసారి పరీక్షించుకోవచ్చు. గోదావరి లోయలో ఆ వెసులుబాటు లేదు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చిన భూకంపం తరువాత ఈ లోయలో ఆ స్థాయికి దగ్గరగా వచ్చినది 2024 నాటిదే. ఒకవేళ 1970లోనే ఏటూరునాగారంలో రేడాన్ పరికరం అమర్చి ఉంటే, ఇప్పటికి దానికి దక్కి ఉండేది ఒకే ఒక్క పరీక్ష. అయినా నీటిమట్టాలు కొలవడానికి ప్రభుత్వం తవ్వించిన ఫీజోమీటర్ బావుల్లో, మోటార్లకు దూరంగా ఉన్న కొన్నింటిని ఎంచుకొని, నీటిమట్టంతో పాటు రేడాన్‌ను, వర్షపాతాన్ని, గాలి పీడనాన్ని ఏళ్ల తరబడి నమోదు చేయడం పెద్ద ఖర్చేమీ కాదు. మరో 5.3 వచ్చేలోపు ఆ చిట్టాలో కనీసం ఇరవై వానాకాలాలు, ఇరవై యాసంగులు ఉండాలి.