అప్పు ఒకరిది, కాగితాలు ఇంకొకరివి

అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్న పిల్లల ఎడ్యుకేషన్ లోన్ల గురించి ఇప్పుడు ఏ తెలుగు ఊరికి వెళ్లినా మాట వస్తోంది. ఉద్యోగం రాలేదు, అక్కడ ఉద్యోగం చేసుకునే హెచ్‌1బీ వీసా లాటరీలో పేరు తగల్లేదు, ఈఎంఐ మాత్రం మొదలైపోయింది. "అంత అప్పు ఎవరు చెయ్యమన్నారు" అని తేలిగ్గా అనేస్తున్నారు చాలామంది. కానీ ఆ అప్పు ఇలా తయారవడం వెనక చాలా కథ ఉంది, అది తెలిస్తే ఆ మాట అంత తేలిగ్గా నోటికి రాదు.

చదువు కోసం ఇంకొకరిని అడగడం మనకు కొత్తేమీ కాదు. ఒకప్పుడు వారాలు చేసుకుని, అంటే రోజుకో ఇంట్లో భోంచేస్తూ చదివేవారు. అది ఎక్కువగా బ్రాహ్మణ కుర్రాళ్లకే దక్కిన ఆసరా, మిగతావాళ్లకు ఆ గుమ్మాలు తెరుచుకోలేదు. తర్వాత కులాలవారీగా హాస్టళ్లు వచ్చాయి, హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ 1918 నాటిది. టంగుటూరి ప్రకాశం గారి చదువు కూడా ఇమ్మనేని హనుమంతరావు నాయుడు గారనే మాస్టారు చేరదీయబట్టే సాగింది. ఆ సాయాల్లో ఎన్ని లోపాలున్నా, పెట్టిన చెయ్యి వడ్డీతో సహా తిరిగి ఇమ్మనలేదు.

1963లో కేంద్రం వడ్డీ లేని లోన్ స్కాలర్‌షిప్పులు మొదలుపెట్టింది, వసూళ్లు సరిగా లేక ఆ పథకం మూలపడింది. ఇప్పుడు మనం చూస్తున్న బ్యాంకు లోనుకు అసలు పుట్టుక 2001. బ్యాంకుల సంఘం ఐబీఏ ఒక మోడల్ స్కీమ్ తయారుచేసింది: దేశంలో చదివితే ఏడున్నర లక్షల వరకు, విదేశాలకైతే పదిహేను లక్షల వరకు. ఆ స్కీమ్ కింద తర్వాత స్థిరపడిన పద్ధతిలో నాలుగు లక్షల దాకా హామీ అక్కర్లేదన్నారు, ఆపైన మూడో మనిషి జామీను, ఏడున్నర దాటితే ఆస్తి తనఖా అడిగారు. తల్లో తండ్రో లోనులో ఉండాల్సిందే. కాబట్టి పేరుకే ఇది విద్యార్థి అప్పు, మొదటిరోజు నుంచీ ఇది కుటుంబం అప్పే.

మరుసటి ఏడాది, 2002లో, సర్ఫేసీ చట్టం వచ్చింది. బాకీ పడితే కోర్టు చుట్టూ తిరగకుండానే తనఖా ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకులకు ఇచ్చింది, అయితే వ్యవసాయ భూమిని మినహాయించింది. రైతుకు మంచిదే కదా అనిపిస్తుంది. కానీ పిల్ల చదువు దగ్గరికి వచ్చేసరికి అదే అడ్డం తిరిగింది. కోర్టుకు వెళ్లకుండా వేలం వెయ్యలేని భూమిని బ్యాంకు తనఖాగా ఎందుకు తీసుకుంటుంది? అందుకే ఐదెకరాలున్న రైతు కూడా బ్యాంకు దృష్టిలో ఆస్తి లేనివాడే. ఇక అప్పుడు టౌన్లో ఇల్లో, అప్రూవ్డ్ లేఅవుట్‌లో ప్లాటో ఉన్న చుట్టాన్ని వెతుక్కోవాలి. "బావా, నీ ప్లాటు కాగితాలు కొన్నాళ్లు ఇవ్వాలి, అమ్మాయికి వీసా వచ్చేలా ఉంది" అని అడగడం ఎంత కష్టమో అడిగినవాళ్లకే తెలుసు. ఆయన ఒప్పుకుంటే లింక్ డాక్యుమెంట్లు, ముప్ఫై ఏళ్ల ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం), లాయరు లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్ రిపోర్టు, చివరికి బ్యాంకులో ఆయన సంతకాలు. ఆ సంతకాల కోసం ఆయన భార్యను కూడా ఒప్పించాలి. రేపు నోటీసు వస్తే వెళ్లేది ఆయన ఇంటికి.

ఈలోగా ఇక్కడ ఇంజినీరింగ్ కాలేజీలు పుట్టగొడుగుల్లా పెరిగాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ పేద పిల్లలకు తలుపు తెరిచింది, అది నిజంగా గొప్ప పని, కానీ ఉమ్మడి రాష్ట్రంలో ఏడొందలకు పైగా కాలేజీలు అయ్యేసరికి చేతిలో బీటెక్ ఉండీ ఏడాదికి మూడున్నర లక్షల జీతానికి తిప్పలు పడే తరం తయారైంది. సరిగ్గా అప్పుడే అమెరికా తలుపు వెడల్పయింది. చదువయ్యాక ఉద్యోగం చేసుకునే ఓపీటీ, సైన్సు, ఇంజినీరింగ్ వాళ్లకు 2008లో పదిహేడు నెలలు పెరిగింది, 2016లో ఆ పెంపు ఇరవైనాలుగు నెలలైంది. ప్లాటు ఇచ్చే చుట్టం లేనివాళ్లకు ఆస్తి హామీ లేకుండానే ఇస్తామంటూ ఎన్‌బీఎఫ్‌సీలు, అంటే బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీలు, వచ్చాయి, వడ్డీ మాత్రం ఎక్కువ.

లెక్క చూడండి. నలభై లక్షలు, పదకొండు శాతం వడ్డీ. మొత్తం ఒకేసారి ఇచ్చారనుకుంటే, రెండేళ్ల చదువు, ఆపై ఆరు నెలల గడువు అయ్యేసరికి మామూలు వడ్డీనే పదకొండు లక్షలు. యాభై ఒక్క లక్షలను పదేళ్లలో తీర్చాలంటే నెలకు డెబ్బై వేలు. డాలర్లలో జీతం వస్తే ఇది కట్టగలిగేదే, హైదరాబాద్‌లో ఫ్రెషర్ జీతంతో అసలు అయ్యే పని కాదు. అంటే ఈ లోను మొత్తం నిలబడింది ఒక్క హెచ్‌1బీ వీసా మీద. ఆ వీసాలేమో ఏడాదికి అరవై ఐదు వేలే ఇస్తారు, అక్కడి మాస్టర్స్ చేసినవాళ్లకు ఇంకో ఇరవై వేలు. 2023 లాటరీకి ఏడున్నర లక్షలకు పైగా రిజిస్ట్రేషన్లు వచ్చాయి. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌1బీ పిటిషన్లకు లక్ష డాలర్ల ఫీజు అన్నారు, అక్కడే ఉండి స్టూడెంట్ వీసా నుంచి హెచ్‌1బీకి స్టేటస్ మార్చుకునే విద్యార్థులకు వర్తించదని తర్వాత చెప్పినా టెన్షన్ పోలేదు.

దెబ్బలు ముందే తగిలాయి. 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు మన పిల్లల్లో కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు కట్టారు. 2019 జనవరిలో ఫార్మింగ్టన్ వ్యవహారంలో, అమెరికా అధికారులే నడిపిన నకిలీ యూనివర్సిటీలో చేరినందుకు 129 మంది భారతీయులను అరెస్టు చేశారు, అందులో తెలుగువాళ్లు చాలామంది. యూనివర్సిటీ ఉత్తుత్తిదని తేలినా బ్యాంకు ఇచ్చిన లోను మాత్రం అసలుదే.

ఇలాంటప్పుడు తానా, ఆటా లాంటి అమెరికా తెలుగు సంఘాలు లాయర్లను చూపించాయి, ప్రమాదంలో ఎవరైనా పోతే గోఫండ్‌మీ అనే ఆన్‌లైన్ విరాళాల పేజీ పెడతారు, మృతదేహం పంపడానికీ లోను తీర్చడానికీ కలిపి అడుగుతారు. పోయాక అయితే వేలమంది ఇస్తారు. బతికుండి "ఈ మూడు నెలల ఈఎంఐ కట్టలేను" అని చెప్పుకోవడానికి మాత్రం చోటు లేదు, ఎందుకంటే అడగదగ్గ మేనమామ, బావ, బాబాయి అందరూ అప్పటికే ఆ లోనులో ఇరుక్కుని ఉన్నారు. పిల్లలు ఫోన్లో "అంతా బాగానే ఉంది" అనడం నాకు అబద్ధంలా వినిపించదు, ఇంకెవరి నెత్తిన పెట్టలేక అనే మాట అది.

అడగాల్సిన ఇంకో చోటు బ్యాంకే. ఐబీఏ సవరించిన స్కీమ్ ప్రకారం ఉద్యోగం లేనప్పుడు, చాలీచాలని జీతం ఉన్నప్పుడు లోను కాలంలో రెండుమూడు సార్లు మారటోరియం, అంటే కొన్నాళ్లు ఈఎంఐ కట్టకుండా గడువు, ఇవ్వొచ్చు. ఇది చాలామందికి తెలియదు, బ్రాంచిలో ఎవరూ వాళ్లంతట వాళ్లు చెప్పరు. తొంభై రోజులు బాకీ పడితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండిబాకీ, అవుతుంది, ఆ తర్వాత మాట వినేవాళ్లు తక్కువ. కాబట్టి మొదటి ఈఎంఐ తప్పకముందే లిఖితపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, రసీదు తీసుకుని, ఆ ప్లాటు ఇచ్చిన బావకు కూడా ఆరోజే ఫోన్ చేసి విషయం చెప్పండి. ఎన్‌బీఎఫ్‌సీ లోన్లకు ఈ స్కీమ్ వర్తించదు, వాళ్ల అగ్రిమెంటులో ఏముందో చదివి విడిగా అడగాలి.