బొంతల మధ్య స్టూడియో

కొత్తగా కొన్న కండెన్సర్ మైకుతో నేను చదివి పంపిన మొదటి ప్రకటనకు అవతలి నుంచి వచ్చిన జవాబు ఒకే ఒక్క ముక్క: "బాత్రూమ్‌లో చదివారా సార్?" నేను చదివింది పదడుగుల బెడ్‌రూమ్‌లో. తలుపులు వేసుకుని, ఫ్యాన్ ఆపుకుని, మే నెల చెమటలో. నెల జీతంలో సగం పోసి కొన్న మైకు మీదే అనుమానం వచ్చింది. పాపం, దాని తప్పేమీ లేదు. గదిలో వినపడింది వినపడినట్టు రాసుకుంది.

గదిలో ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఎదుటివారి గొంతు నేరుగా ఒక్కసారే చెవిలో పడుతుంది. గోడలకూ నేలకూ కప్పుకూ కొట్టుకుని మాత్రం వందలసార్లు వచ్చి పడుతుంది. ముందు వచ్చినదాన్ని అసలు మాటగా పట్టుకుని, దాని వెనకాలే తోసుకొచ్చే నకళ్లను మెదడు పెద్దగా పట్టించుకోదు. రెండు చెవులు ఉండటం ఈ పనికి బాగా కలిసొస్తుంది. ఖాళీ గదిలో ఒక చెవి గట్టిగా మూసుకుని ఎవరినైనా మాట్లాడమనండి, అంతసేపూ తెలియని గది మోత తెలుస్తుంది. మైకుకు ఉన్నది ఒకటే చెవి. మెదడు అసలే లేదు.

ఈ మోతను మొదటిసారి లెక్కలో పెట్టినవాడు వాలెస్ సేబిన్. 1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఫాగ్ ఆర్ట్ మ్యూజియంలో కొత్తగా కట్టిన ఉపన్యాసాల హాలు ఎందుకూ పనికిరాకుండా పోయింది. ఒక మాట అంటే దాదాపు ఐదున్నర సెకన్లు మోగుతూనే ఉండేది. ఈలోపు మాస్టారు ఇంకో పది మాటలు అనేసేవాడు, అన్నీ కలిసి కలగాపులగం. సంగతేమిటో చూడమని ఇంకా ముప్ఫై ఏళ్లు నిండని ఫిజిక్స్ అధ్యాపకుడు సేబిన్‌కు అప్పగించారు. పగలు వీధిలో బళ్ల గోల కాబట్టి ఆయన రాత్రిళ్లు పనిచేశాడు. చేతిలో ఉన్నవి గాలితో మోగే ఆర్గన్ వాద్యపు పైపు ఒకటి, సమయం కొలిచే పరికరం, తన చెవులు. దగ్గర్లోని శాండర్స్ థియేటర్ నుంచి సీట్ల మీది మెత్తలు మోయించుకొచ్చి, కొన్ని పరిచి పైపు మోగించడం, శబ్దం చచ్చేదాకా కొలవడం, మరికొన్ని పరచడం, మళ్లీ కొలవడం. తెల్లారేసరికి మెత్తలన్నీ తిరిగి థియేటర్‌లో ఉండాలి! అన్నీ పరిచాక ఐదున్నర సెకన్లు కాస్తా సెకను పైచిలుకుకు దిగింది.

ఈ కూలి పనిలోంచి వచ్చిన సూత్రం చిన్నది. గది ఘనపరిమాణాన్ని 0.16తో గుణించి, ఆ గది పీల్చుకునే శక్తితో భాగిస్తే, మోత పూర్తిగా అణగడానికి పట్టే సెకన్లు వస్తాయి. పీల్చే శక్తికి కొలమానంగా సేబిన్ తెరిచిన కిటికీని తీసుకున్నాడు. కిటికీలోంచి బయటికి పోయిన శబ్దం ఇక తిరిగి రాదు కదా.

నా గదికి లెక్క వేశాను. మూడు మీటర్ల పొడవు, అంతే వెడల్పు, అంతే ఎత్తు; 27 ఘనపు మీటర్లు. సున్నం గోడలు, టైల్స్ నేల, సామాను లేదు. ఇలాంటి ఉపరితలాలు తమ మీద పడ్డ శబ్దంలో నూటికి మూడు వంతులు మాత్రమే తింటాయి. గోడలు, నేల, కప్పు కలిపి 54 చదరపు మీటర్లున్నా, అవన్నీ ఒకటిన్నర చదరపు మీటర్ల కిటికీతో సమానం. మోత రెండున్నర సెకన్లు దాటిపోయింది. బాత్రూమ్ అన్నాయన ఊరికే అనలేదు.

దీనికి మందు మా అమ్మమ్మ బొంతల్లో దొరికింది. పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టిన బొంతలు, ఒక దూది పరుపు, అతిథులకని దాచిన రగ్గులు. గోడల వెంబడి తాడు కట్టి వేలాడదీశాను. అవి కలిసి ఏడు చదరపు మీటర్ల కిటికీ పని చేసినా మోత అర సెకనుకు వస్తుంది, మాట చదవడానికి అది చాలు. గోడకు అంటించకుండా జానెడు ఎడంగా కట్టడంలో కిటుకు ఉంది. గోడను ఆనుకుని గాలి కదలదు, ఎడంగా ఉన్నచోటే బాగా కదులుతుంది. ఆ కదిలే గాలి నూలు పోగుల మధ్య రాసుకుని, శబ్దం వేడిగా మారి అణగిపోతుంది. అందుకే గుడ్ల అట్టలు అంటించిన స్టూడియోల ఫొటోలు చూస్తే నాకు నవ్వొస్తుంది. అంత పలచటి అట్ట గొంతులోని బొంగురును ఏమీ చేయలేదు. 100 హెర్ట్జ్ శబ్దం అల పొడవు మూడున్నర మీటర్లు. దానికి అట్టేమిటి, బొంతే సరిగా ఆనదు. మూల్లో నిలబెట్టిన మందపాటి పరుపు కొంత నయం.

ఖర్చు లేని రెండో పని, మైకు దగ్గరికి జరగడం. మూరెడు దూరం నుంచి జానెడు దూరానికి వస్తే దూరం సరిగ్గా సగమవుతుంది, మైకుకు చేరే గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. గది మోత మాత్రం ఎక్కడున్నా దాదాపు అంతే. డైనమిక్ మైకు ఫ్యాన్ చప్పుడు తీసుకోదని షాపులో చెబుతుంటారు. అందులో మాయేమీ లేదు. తీగచుట్ట అయస్కాంతం మధ్య కదిలి కరెంటు పుట్టించే ఆ మైకులకు సున్నితత్వం తక్కువ కాబట్టి మూతి ఆనించి మాట్లాడతాం, గొంతు గెలుస్తుంది. 48 వోల్టులు అడిగే కండెన్సర్‌ను కూడా అంతే దగ్గర పెట్టుకుంటే తేడా చాలా మటుకు పోతుంది.

దగ్గరికి వెళితే ఇంకో తలనొప్పి, ఊపిరి. అరచేయి నోటి ముందు పెట్టుకుని 'పలక' అనండి, తర్వాత 'భూకంపం' అనండి. మన 'ప'తో చేతికి తగిలే గాలి స్వల్పం, ఒత్తులు ఒత్తిగానే పలికే అలవాటుంటే 'భ' చేతికి కొడుతుంది. ఇంగ్లిష్ వాళ్ల మాట మొదటి 'పి' కూడా అలాంటిదే. ఆ గాలి మైకు పొర మీద పడితే 'ధబ్'మని ఒక గుద్దు. వార్తల్లో 'ప్రభుత్వం' ఎన్నిసార్లు వస్తుందో తెలిసిందే. ఈ గాలిని అడ్డుకునే తెర, పాప్ ఫిల్టర్, కొనొచ్చు, లేదా ఎంబ్రాయిడరీ రింగుకు పలచటి నైలాన్ బట్ట బిగించొచ్చు. నేనైతే మైకును నోటికి ఎదురుగా కాకుండా బుగ్గ పక్కకు జరుపుతాను. గాలి తిన్నగా పోతుంది, శబ్దం అన్ని వైపులా పాకుతుంది.

సాఫ్ట్‌వేర్‌కు పెద్ద ఖర్చు లేదు. రికార్డింగ్‌కు ఆడాసిటీ, లైవ్‌కు ఓబీఎస్ స్టూడియో, రెండూ ఉచితం. రికార్డింగ్ నాణ్యతను 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు పెట్టి, గట్టి మాట కూడా −10 డెసిబెల్స్ దాటకుండా చూసుకుంటే చాలు (ఇక్కడ సున్నా అంటే రికార్డింగ్ పట్టగల గరిష్ఠం). ఆడియోబుక్కుల కోసం అమెజాన్ వారి ఏసీఎక్స్ వేదిక పెట్టిన నియమం చూస్తే, మాట లేనప్పుడు ఉండే రొద −60 డెసిబెల్స్ కన్నా కింద ఉండాలి. ఫ్యాన్ తిరుగుతుంటే ఇది అందని ద్రాక్షే. రొదను కోసేసే నాయిస్ సప్రెషన్ ఆన్ చేసి సరిపెట్టుకోవచ్చు, లైవ్‌కు తప్పదు కూడా. ఫ్యాన్ రొద గొంతులా ఉండదు కాబట్టి సాఫ్ట్‌వేర్ దాన్ని గుర్తుపట్టి కోసేస్తుంది. గది మోత మాత్రం మన గొంతుకే నకలు, ఏది అసలో ఏది నీడో తేల్చుకోవడం దానికి చాలా కష్టం. గట్టిగా తోమితే నీళ్లలోంచి మాట్లాడినట్టుంటుంది.

లైవ్‌లో నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది పెదవులకూ మాటకూ పొంతన. కెమెరా బొమ్మ కంప్యూటర్‌లోకి ఎక్కేసరికి ఆలస్యమవుతుంది, మైకు శబ్దం ముందే వచ్చి కూర్చుంటుంది. శబ్దం ముందు రావడాన్ని మనం అసలు సహించం. చాకిరేవులో బట్ట బండకు తగలడం ముందు కనిపిస్తుంది, చప్పుడు తర్వాత వస్తుంది. లోకంలో వరస అదే. శబ్దం 125 మిల్లీసెకన్లు వెనకబడితే గానీ పసిగట్టని కన్ను, ముందుకొస్తే 45కే పట్టేస్తుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ప్రసారాల ప్రమాణంలో ఉంది. సరిచేయడం తేలికే. కెమెరా ముందు ఒక్క చప్పట్లు కొట్టి రికార్డు చేయండి. చేతులు కలిసిన ఫ్రేమ్ ఎక్కడుందో, 'టప్' ఎక్కడ పడిందో చూడండి. సెకనుకు 30 ఫ్రేములైతే ఒక్కోటి 33 మిల్లీసెకన్లు. నాకు మూడు ఫ్రేముల తేడా వచ్చింది, ఓబీఎస్‌లో మైకు ఎదురుగా, శబ్దాన్ని వెనక్కి జరిపే సింక్ ఆఫ్‌సెట్‌లో 100 మిల్లీసెకన్లు వేశాను. కెమెరా మార్చిన ప్రతిసారీ మళ్లీ చప్పట్లే.

చెవిలో బ్లూటూత్ పెట్టుకుని తన గొంతు తానే వింటూ లైవ్ చేయాలని చూస్తే మాట తడబడటం ఖాయం. బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా వస్తుంది; సెకనులో ఐదో వంతు ఆలస్యంగా సొంత గొంతు వినపడితే గంటలకొద్దీ మాట్లాడే ఘనుడికైనా నత్తి వస్తుంది. వైరున్న ఇయర్‌ఫోన్ నేరుగా ఇంటర్‌ఫేస్‌కు, అంటే మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టెకు, గుచ్చుకోవాలి. మా తమ్ముడు నమ్మలేదు. పోయిన సంక్రాంతికి ముగ్గుల పోటీ లైవ్‌లో ప్రయత్నించి, "అందరికీ సం... సంక్... సంక్రాంతి" దగ్గరే పది సెకన్లు ఆగిపోయాడు.